48 కిలోల ప్రపంచ చాంపియన్‌కు ఒలింపిక్స్‌లో చోటేది?

2025 సెప్టెంబరు 14, ఆదివారం. మన దేశంలో తెల్లవారి టీవీలు పెట్టిన బాక్సింగ్ అభిమానులు లాస్ వేగాస్‌లో టెరెన్స్ క్రాఫర్డ్ సాహసాన్ని చూశారు. 154 పౌండ్ల విభాగంలో ఉన్న ఈ అమెరికన్, మధ్యలో ఒక విభాగాన్ని దాటేసి నేరుగా 168 పౌండ్లకు వెళ్లి, అక్కడ ఏలుతున్న మెక్సికో వీరుడు కనెలో అల్వరెజ్‌ను ఓడించాడు. తేడా ఆరు కిలోలకు పైనే. ఆ రోజంతా ప్రపంచం దాని గురించే మాట్లాడుకుంది.

అదే రోజు ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో మరో పోరు జరిగింది. హరియాణా రోహ్‌తక్ జిల్లాలోని రుర్కీ గ్రామానికి చెందిన ఆటో డ్రైవర్ కూతురు మీనాక్షి హుడా, కజకిస్థాన్‌కు చెందిన నజీమ్ కైజైబేను 4-1తో ఓడించి 48 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయ్యారు. దేశం చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగాక ఒక ఇబ్బందికరమైన లెక్క మిగిలింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్ 51 కిలోల దగ్గర మొదలవుతుంది. 48 కిలోల విభాగం అక్కడ లేదు.

క్రాఫర్డ్ బరువు పెంచుకోవడం సొంత నిర్ణయం. మీనాక్షికి ఆ స్వేచ్ఛ సగమే ఉంది. ఒలింపిక్స్ కావాలంటే పైకి వెళ్లాలి, వెళ్లకపోతే ఒలింపిక్స్ ఉండదు. ఇక పైకి వెళ్తే, ఆ మెట్టు మీద ఇప్పటికే ఒకరు నిలబడి ఉన్నారు. ఆమె నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్. ఒలింపిక్స్‌లో ఒక్కో బరువు విభాగంలో ఒక దేశం నుంచి ఒక్కరికే అవకాశం. అందుకే తెలుగు పాఠకులకు ఇది దూరపు ముచ్చట కాదు.

లివర్‌పూల్‌లో భారత్‌కు నాలుగు పతకాలు వచ్చాయి. నాలుగూ మహిళలవే. మీనాక్షితో పాటు 57 కిలోల్లో జాస్మిన్ లంబోరియా స్వర్ణం గెలిచారు. 80 కిలోలకు పైబడిన విభాగంలో నూపుర్ షెరాన్ రజతం, 80 కిలోల్లో పూజా రాణి కాంస్యం తెచ్చారు. వీటిలో ఒలింపిక్ విభాగం జాస్మిన్‌ది ఒక్కటే. ఒలింపిక్స్‌లో మహిళల జాబితా 51 కిలోల దగ్గర మొదలై 75 దగ్గర ముగుస్తుంది. అంటే భారత్ గెలిచిన నాలుగింటిలో మూడు పతకాలు ఒలింపిక్ గీతకు అటో ఇటో ఉన్నవే. ప్రపంచ పోటీల్లో మహిళలకు పది విభాగాలుంటే, ఒలింపిక్స్‌లో ఏడే ఉంటాయి. మిగిలిన మూడింటి చాంపియన్లు ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు ఏ సమాఖ్య దగ్గరా సిద్ధంగా జవాబు లేదు.

మూడు కిలోల అర్థం

బయటి నుంచి చూస్తే మూడు కిలోలు పెద్ద తేడాగా కనిపించదు. పండగ నాలుగు రోజులు బాగా తింటే వచ్చే బరువే కదా అనిపిస్తుంది. కానీ 48 కిలోల మనిషికి మూడు కిలోలంటే శరీర బరువులో 6 శాతానికి పైమాటే. చిన్న విభాగాల్లో ఒక్కో మెట్టూ అంత ఎత్తుగా ఉంటుంది.

అసలు విషయం వేరే ఉంది. బాక్సర్లు మామూలు రోజుల్లో తమ విభాగం బరువుతో ఉండరు. చాలామంది రెండు మూడు కిలోలు, కొందరు అంతకన్నా ఎక్కువే బరువుంటారు. పోటీ దగ్గరపడే కొద్దీ తిండి తగ్గిస్తారు, చివరి రోజుల్లో నీళ్లు తగ్గిస్తారు, మందపాటి దుస్తులు వేసుకుని చెమట తీస్తారు. అలా తూకం నాటికి గీత కిందకు చేరతారు. కాబట్టి 51 కిలోల బౌట్‌లో ఎదురయ్యే ప్రత్యర్థి మామూలుగా 53, 54 కిలోల మనిషి కావచ్చు. పై విభాగానికి వెళ్లడమంటే తక్కెడలో అంకె పెంచుకోవడంతో అయిపోదు. మరింత పొడవైన చేతులు, మరింత వెడల్పైన భుజాలు, మరింత బరువైన దెబ్బ ఉన్నవారి ముందు నిలబడాలి.

ఇక్కడ ప్రొఫెషనల్ బాక్సింగ్‌కూ ఒలింపిక్ బాక్సింగ్‌కూ పెద్ద తేడా ఉంది. ప్రొఫెషనల్స్‌కు పోరు ముందు రోజే తూకం. తర్వాత తిని, తాగి, కోలుకోవడానికి ఒక రోజు దొరుకుతుంది. పైగా క్రాఫర్డ్ నెలల తరబడి ఒకే రాత్రి కోసం, ఒకే ప్రత్యర్థి కోసం సిద్ధమయ్యాడు. ఒలింపిక్ తరహా పోటీల్లో బౌట్ ఉన్న ప్రతి రోజూ ఉదయమే తూకం. నాలుగైదు బౌట్లు గెలిస్తేనే స్వర్ణం. అంటే అన్నిసార్లు కడుపు మాడ్చుకోవాలి, అన్నిసార్లు కొన్ని గంటల్లోనే కోలుకోవాలి. బరువు బాగా తగ్గించుకుని కింది విభాగంలో ఆడేవారికి ఈ పద్ధతి ఒక్కో రోజూ కొంత బలాన్ని తీసేసుకుంటుంది.

మహిళల విషయంలో ఇంకో కోణం ఉంది. ఖర్చయ్యే శక్తికి సరిపడా తిండి లేకుండా ఏళ్ల తరబడి శిక్షణ చేస్తే నెలసరి దెబ్బతింటుందని, ఎముకలు బలహీనపడతాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులే 2014లో హెచ్చరించారు. దీన్నిబట్టి చూస్తే పైకి వెళ్లడం ఎప్పుడూ ప్రమాదమే అనుకోనక్కర్లేదు. కొందరికి అది కడుపునిండా తినే అవకాశం.

ముందు నడిచినవారు

ఈ దారిలో భారత బాక్సర్లు ఇంతకుముందే నడిచారు. వారి అనుభవాలను వరుసగా పెట్టి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది.

మొదట చెప్పుకోవాల్సింది మేరీ కోమ్ గురించే. 2010 నాటికి ఆమె ఐదుసార్లు ప్రపంచ చాంపియన్. ఆ పతకాలన్నీ 45, 46, 48 కిలోల విభాగాల్లో వచ్చినవే. 2012 లండన్‌లో మహిళల బాక్సింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు మూడే విభాగాలు పెట్టారు: 51, 60, 75. ఆమెకు మరో దారి లేదు. అయితే ఆమె చివరి నిమిషంలో దూకలేదు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లోనే 51 కిలోల్లో దిగి కాంస్యంతో సరిపెట్టుకున్నారు. 2012 ప్రపంచ పోటీల్లో క్వార్టర్స్‌లోనే బ్రిటన్‌కు చెందిన నికోలా ఆడమ్స్ చేతిలో ఓడారు. ఆ ఓటములన్నీ మింగిన తర్వాతే లండన్‌లో కాంస్యం వచ్చింది. అక్కడ మొదటి బౌట్‌లో ఆమె ఓడించిన పోలండ్ బాక్సర్ కరోలినా మిహాల్‌చుక్ 54 కిలోల్లో మాజీ ప్రపంచ చాంపియన్. ఒకరు కింది నుంచి పైకి, మరొకరు పై నుంచి కిందికి వచ్చి 51 దగ్గర ఎదురుపడ్డారు. ఇద్దరినీ అక్కడికి చేర్చింది ఒలింపిక్ జాబితాయే.

పురుషుల్లో అమిత్ పంఘల్‌దీ ఇలాంటి కథే. 2018 ఆసియా క్రీడల్లో 49 కిలోల స్వర్ణం గెలిచిన ఏడాదికే ఆ విభాగం టోక్యో ఒలింపిక్స్‌లో ఉండదని తేలింది. ఆలస్యం చేయకుండా 52 కిలోలకు మారారు. 2019లోనే ఆసియా స్వర్ణం, ప్రపంచ రజతం గెలిచారు. టోక్యోలో మాత్రం తొలి బౌట్‌లోనే కొలంబియాకు చెందిన యుబెర్జెన్ మార్టినెజ్ చేతిలో ఓడారు. మార్టినెజ్ కూడా 49 కిలోల నుంచి పైకి వచ్చినవాడే, అదే విభాగంలో రియో రజత పతక విజేత. కాబట్టి ఆ ఓటమిని బరువు ఖాతాలో వేయడం కుదరదు.

లవ్లీనా బొర్గొహెయిన్ టోక్యోలో 69 కిలోల కాంస్యం గెలిచారు. పారిస్ జాబితాలో 69 తీసేసి 66, 75 ఉంచారు. కిందికి దిగాలా, పైకి ఎక్కాలా అన్నప్పుడు ఆమె పైకే ఎక్కారు. 2022 నవంబరులో అమ్మాన్‌లో ఆసియా స్వర్ణం, 2023 మార్చిలో ఢిల్లీలో ప్రపంచ స్వర్ణం వచ్చాయి. పారిస్‌లో క్వార్టర్స్‌లో చైనాకు చెందిన లీ చియాన్ దగ్గర ఆగిపోయినా, కొత్త విభాగంలో ఆమె నిలదొక్కుకున్నారనడంలో సందేహం లేదు.

ఇంకో వైపు చూస్తే నీతూ ఘంఘాస్ కనిపిస్తారు. 2023లో ఢిల్లీలో 48 కిలోల ప్రపంచ చాంపియన్. ఇప్పుడు మీనాక్షి నిలబడ్డ చోటే అప్పుడు ఆమె నిలబడ్డారు. పారిస్‌లో అతి తక్కువ విభాగం 50 కిలోలు. అక్కడ నిఖత్ ఉన్నారు. దాంతో నీతూ మధ్య మెట్టు వదిలేసి 54 కిలోలకు వెళ్లారు. కొన్ని నెలల్లోనే ఆసియా క్రీడల జట్టు ఎంపిక వచ్చింది. చోటు ప్రీతి పవార్‌కు దక్కింది. ప్రపంచ చాంపియన్ అయిన ఏడాదే నీతూకు ఆసియా క్రీడలు లేవు, తర్వాత ఒలింపిక్స్ కూడా లేదు.

ఈ నాలుగు అనుభవాలనూ కలిపి చూస్తే అర్థమయ్యేది ఇది. ఒక్క మెట్టు, ముందుగా ఎక్కినవారు నిలబడ్డారు. రెండు మెట్లు ఒకేసారి, గడువు ముంచుకొచ్చాక ఎక్కబోయినవారికి దారి మూసుకుపోయింది. బలం ఎంత ముఖ్యమో, సమయం అంతకన్నా ముఖ్యం.

కిందికి దిగడం తేలికా?

పైకి వెళ్లడం కష్టమంటే, కిందికి రావడం సులువనే భావన మనలో ఉంటుంది. చిన్నవారితో ఆడితే గెలుపు ఖాయం అనిపిస్తుంది. నిఖత్ కథ ఆ భ్రమను తొలగిస్తుంది.

2022లో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ చాంపియన్ అయ్యింది 52 కిలోల్లో. పారిస్ కోసం 50కి దిగారు. మొదట్లో ఫలితం బాగానే ఉంది. కామన్వెల్త్ స్వర్ణం, 2023లో రెండో ప్రపంచ టైటిల్, ఆసియా క్రీడల కాంస్యం వచ్చాయి. పారిస్‌లో ఆమెకు సీడింగ్ లేదు. ప్రిక్వార్టర్స్‌లోనే చైనాకు చెందిన టాప్ సీడ్ వూ యు ఎదురై 5-0తో గెలిచారు, తర్వాత స్వర్ణం కూడా ఆమే గెలుచుకున్నారు. ఆ ఓటమి తర్వాత నిఖత్ బయటపెట్టిన సంగతి చాలామందిని కలచివేసింది. బరువు కోసం రెండు రోజులు తిండి లేకుండా గడిపానని, నీళ్లు కూడా తూకం అయ్యాకే తాగానని, కోలుకునే సమయమే దొరకలేదని చెప్పారు. కొద్ది రోజులకే అదే పారిస్‌లో రెజ్లర్ వినేశ్ ఫొగాట్ 100 గ్రాముల తేడాతో ఫైనల్‌కు దూరమయ్యారు. ఆమె కూడా తన పాత 53 కిలోల విభాగంలో అంతిమ్ పంఘల్ ఉండటంతో 50కి దిగినవారే.

కిందికి దిగి గెలిచినవారూ ఉన్నారు. జాస్మిన్ 60 కిలోల బాక్సర్. పారిస్ ముందు ఖాళీ అయిన 57 కిలోల స్థానం కోసం హడావుడిగా దిగి, అర్హత సాధించి, ఒలింపిక్స్ మొదటి బౌట్‌లోనే 5-0తో ఓడారు. అదే విభాగంలో ఏడాది పాటు కుదురుకున్నాక లివర్‌పూల్‌లో పారిస్ రజత విజేత జూలియా షెరెమెటాను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యారు. పైకైనా, కిందికైనా కొత్త బరువు సొంతం కావడానికి కాలం కావాలని ఆమె కథ కూడా చెబుతోంది.

మీనాక్షికి 51 కొత్త చోటేమీ కాదు

మీనాక్షి విషయంలో చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆమె మొదటి పెద్ద అంతర్జాతీయ పతకం 48 కిలోల్లో రాలేదు. 2022 నవంబరులో, లవ్లీనా గెలిచిన అదే అమ్మాన్ ఆసియా చాంపియన్‌షిప్‌లో, మీనాక్షి 52 కిలోల్లో దిగి ఫైనల్ దాకా వెళ్లారు. జపాన్‌కు చెందిన రింకా కినోషిటా చేతిలో ఓడి రజతం అందుకున్నారు. అంటే ఆమె 48కి దిగి వచ్చిన బాక్సర్. 51కి వెళ్లడమంటే ఆమెకు కొత్త ఊరికి వలస పోవడం కాదు, పాత ఇంటికి తిరిగి రావడం లాంటిది.

రెండో ఆధారం కైజైబే. లివర్‌పూల్ ఫైనల్‌లో మీనాక్షి ఓడించిన ఈ కజక్ బాక్సర్ పారిస్‌లో 50 కిలోల్లో కాంస్యం గెలిచారు. అంతకు రెండు నెలల ముందు అస్తానాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌లో ఆమె చేతిలోనే మీనాక్షి ఓడారు. ఆ లెక్క లివర్‌పూల్‌లో సరిచేశారు. ఒలింపిక్ స్థాయి ప్రత్యర్థి ముందు నిలబడగల సత్తా ఉందని ఇంతకంటే ఏం రుజువు కావాలి?

అయినా వెళ్లమని సలహా ఇచ్చేవారు ఆమె ఏం పణంగా పెడుతోందో చూడాలి. 48లో ఉంటే ఆమె ప్రపంచ చాంపియన్. 51లో మొదటి రోజు నుంచీ ఆమె రెండో స్థానం కోసం పోటీపడే బాక్సర్. మన దేశంలో క్రీడాకారులకు ఉద్యోగం, పదోన్నతి, ప్రభుత్వ నజరానా, శిక్షణ సాయం అన్నీ తాజా పతకం చుట్టూనే తిరుగుతాయి. ఆటో నడిపి పెంచిన కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి చేతిలో ఉన్న పతకాలను వదిలి, రాని పతకం వెంట వెళ్లడం చిన్న విషయం కాదు. ఏడాది పాటు జాతీయ శిబిరంలో రెండో పేరుగా మిగిలిపోతే, నీతూలా అటూ ఇటూ కాకుండా పోయే ప్రమాదం ఉంది.

ఎదురుగా నిఖత్

51 కిలోల్లో నిఖత్‌ను పక్కకు నెట్టడం ఎవరికీ తేలిక కాదు. 52లో ప్రపంచ చాంపియన్ అయిన ఆమెకు పారిస్‌లోని 50 కంటే 51 సుఖమైన బరువు. లివర్‌పూల్ క్వార్టర్స్‌లో టర్కీకి చెందిన బుసె నాజ్ చాకిరోగ్లు చేతిలో 5-0తో ఓడినా, నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో చైనీస్ తైపీ బాక్సర్ గువో యి షువాన్‌ను అంతే తేడాతో ఓడించి స్వర్ణం గెలిచారు. అదే వేదికపై మీనాక్షి 48 కిలోల స్వర్ణం అందుకున్నారు. ఒకే చోట, ఒకే వారంలో, పక్కపక్క మెట్ల మీద ఇద్దరు విజేతలు నిలిచారు.

నిఖత్‌కు లాస్ ఏంజెలెస్ నాటికి 32 ఏళ్లు నిండుతాయి. మేరీ కోమ్ 38 ఏళ్ల వయసులో టోక్యో ఆడారు కాబట్టి వయసు ఒక్కటే అడ్డంకి కాదు. నిఖత్‌నే 54కి పంపి 51ని మీనాక్షికి వదలొచ్చు కదా అనే వాదన వినిపించవచ్చు. అది న్యాయమైన సలహా కాదు. పారిస్‌లో ఆమె దెబ్బతిన్నదే తనది కాని బరువులో. ఇప్పుడిప్పుడే తన సొంత బరువుకు చేరిన బాక్సర్‌ను మళ్లీ ఇంకో ప్రయోగానికి పంపితే పారిస్ నుంచి ఏమీ నేర్చుకోనట్టే. పైగా 54లో ప్రీతి వంటి వారు ఇప్పటికే ఉన్నారు.

తెలుగువారిగా నిఖత్ వైపు మొగ్గడం సహజం. తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చి గౌరవించిన చాంపియన్ ఆమె. కానీ 2019లో ఆమె అడిగినది ఏమిటో గుర్తు చేసుకోవాలి. మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండా ఒలింపిక్ అర్హత పోటీకి పంపాలని చూసినప్పుడు, రింగ్‌లోనే తేల్చమని నిఖత్ బహిరంగంగా కోరారు. ట్రయల్ పెట్టారు. ఆమె 9-1తో ఓడారు. అయినా ఆమె అడిగింది సరైనదే. ఆ రోజు జూనియర్‌గా నిఖత్ ఏ హక్కు కోరారో, రేపు మీనాక్షికీ అదే హక్కు ఉండాలి. అప్పుడు సీనియర్ కుర్చీలో కూర్చునేది నిఖత్.

జవాబు: వెళ్లాలి, ఇప్పుడే వెళ్లాలి

మీనాక్షి 51 కిలోలకు వెళ్లాలి. 54కి దూకకూడదు, 2027 దాకా ఆగకూడదు. మేరీ కోమ్‌కు కొత్త బరువులో కుదురుకోవడానికి రెండేళ్లు పట్టింది. జాస్మిన్‌కు ఏడాది దాటింది. 2028 జులై నుంచి వెనక్కి లెక్కేస్తే, ఓడిపోవడానికి వీలున్న కాలం ఇప్పుడే ఉంది. ఇంకో ఏడాది 48లో పతకాలు పోగేసుకుని తర్వాత మారదామనుకుంటే, నీతూకు ఎదురైన గడియారమే మళ్లీ ఎదురవుతుంది.

అయితే ఈ నిర్ణయం భారమంతా ఒక్క అమ్మాయి మీద పెట్టడం తగదు. భారత బాక్సింగ్ సమాఖ్య చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒలింపిక్ విభాగానికి మారే ప్రపంచ పతక విజేతలకు కనీసం ఏడాది పాటు, ఓడినా సరే, శిబిరంలో చోటు, శిక్షణ సాయం తగ్గించకూడదు. ఒలింపిక్ అర్హత బౌట్లకు ఎవరిని పంపాలో తేల్చే పద్ధతిని ముందే, రాతపూర్వకంగా ప్రకటించాలి. మూల్యాంకనమా, ట్రయలా అన్న గొడవ ప్రతి ఒలింపిక్స్ ముందూ కోర్టుల దాకా, పత్రికల దాకా రావడం బాక్సర్లకు మంచిది కాదు. పోషకాహార నిపుణులు, వైద్యులు పోటీ వారంలో కాక ఏడాది పొడవునా బాక్సర్ బరువును గమనించాలి. పారిస్‌కు వెళ్లిన ఆరుగురు భారత బాక్సర్లు ఒక్క పతకమూ లేకుండా తిరిగొచ్చిన సంగతి సమాఖ్యకు గుర్తుండాలి.

ఈ పోటీలో నిఖత్‌కూ లాభం ఉంది. దేశంలో పోటీ లేని చాంపియన్ ప్రపంచ వేదికపై ఒక్కసారిగా వూ యు, చాకిరోగ్లు వంటి వారిని ఎదుర్కోవాల్సి వస్తుంది. శిబిరంలోనే ప్రతిరోజూ ఒక ప్రపంచ చాంపియన్ ఎదురుగా ఉంటే, లాస్ ఏంజెలెస్‌కు వెళ్లేది ఎవరైనా పారిస్‌కు వెళ్లినదానికన్నా సిద్ధంగా వెళ్తారు. ఇద్దరిలో ఒకరు ఇంటి దగ్గరే ఆగిపోతారన్నది నిజమే. ఆగిపోవడం రింగ్‌లో ఓడి అయితే దాన్ని భరించవచ్చు. జాబితాలో అంకె లేకపోవడం వల్లనో, ఎంపిక గదిలో ఎవరో తలుపు వేయడం వల్లనో అయితే, ఆ బాధ ఒక బాక్సర్‌ను ఎంతకాలం వెంటాడుతుందో నిఖత్‌కు బాగా తెలుసు.